హెడర్ మారింది, ప్రోగ్రాం మారిందా?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ‘ట్రాఫిక్’ ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో చాలా ఉన్నాయి. రైలు ఉద్యోగుల ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇంటర్‌లాకింగ్ గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. పాయింట్లు సరిగా కుదిరాయని రుజువయ్యేదాకా సిగ్నల్ ఇవ్వకూడదన్నదే దాని నియమం. 2017లో ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఈ బాధ్యత ఎలక్ట్రానిక్ వ్యవస్థ చేతికి వచ్చింది. సాఫ్ట్‌వేర్ మీద ఇంత బరువు పెడుతున్నప్పుడు, దాన్ని తయారుచేసే దశలోనూ ఇలాంటి నియమమే ఉండాలి. ఇంజనీరింగ్ ల్యాబుల్లో దీనికి దక్కుతున్న చోటు చాలా తక్కువ.

సీ భాషలో పెద్ద ప్రోగ్రాంను అనేక ఫైళ్లుగా రాస్తారు. అన్నింటికీ ఉమ్మడిగా కావలసిన నిర్వచనాలు హెడర్ ఫైల్లో ఉంటాయి. ఒక హెడర్‌లో రైలు వివరాలుగా నంబరు, వేగం ఉన్నాయనుకుందాం. వాటి మధ్య ప్లాట్‌ఫాం నంబరు చేర్చితే, ఆ హెడర్‌ను వాడే ప్రతి ఫైలునూ మళ్లీ కంపైల్ చేయాలి. ఒక్కటి మిగిలిపోయినా అది ప్లాట్‌ఫాం నంబరునే వేగంగా చదువుతుంది. మామూలుగా లింకర్ ఈ తేడాను పట్టుకోదు. ఏ హెచ్చరికా లేకుండా ప్రోగ్రాం తయారవుతుంది.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. తప్పు దిద్దిన ఫైలును మళ్లీ కంపైల్ చేయకపోవడంతో బెల్ ల్యాబ్స్‌లో ఒకరు లేని తప్పు కోసం ఒక ఉదయమంతా వెతికారు. ఆ అనుభవం విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో ‘మేక్’ను రాశారు. ఫైళ్లు మారిన సమయాలు చూసి, అవసరమైన వాటినే అది మళ్లీ కంపైల్ చేయిస్తుంది. అయితే జాబితాలో రాయని హెడర్ సంగతి దానికి తెలియదు. ఒక హెడర్ ఇంకో హెడర్‌ను పిలుస్తుంటే చేత్తో రాసిన జాబితా ఎన్నాళ్లో నిజంగా ఉండదు.

కాబట్టి ఆ జాబితాను మనిషి రాయకూడదు. అన్ని హెడర్లనూ చదివేది కంపైలరే కనుక, రాయాల్సిందీ అదే. జీసీసీ, క్లాంగ్‌లలో ‘ఎంఎండీ’ ఆప్షన్ ఇస్తే ప్రోగ్రాం సొంత హెడర్ల జాబితా దానంతటదే తయారవుతుంది.

ప్రతిసారీ అంతా చెరిపి మొదటి నుంచి కంపైల్ చేస్తే చాలదా అని కొందరంటారు. చిన్న ప్రోగ్రాంకు చాలు, పెద్దదానికి గంటలు పడుతుంది. అవసరం లేని హెడర్లను కలుపుతూ పోయినా ఇదే ఆలస్యం. లైనక్స్ కెర్నల్‌లో ఈ చిక్కుముడి విప్పడానికి 2022 జనవరిలో ఇంగో మోల్నార్ 2,200కు పైగా మార్పులను ప్రతిపాదించారు. ముడి పడ్డాక విప్పడం అంత కష్టం.

అందుకే ఇది మొదటి ఏడాది ల్యాబులోనే మొదలవ్వాలి. ప్రోగ్రాం సరైన జవాబు ఇచ్చిందా అని చూశాక, ఒక హెడర్‌ను మార్చి, మళ్లీ కంపైల్ కావలసిన ఫైళ్లన్నీ అయ్యాయా అని కూడా చూడాలి. దీనికి పట్టేది ఐదు నిమిషాలు. మార్కులు దానికీ ఉండాలి.