ఇంటర్వ్యూ తరువాత మౌనం: అభ్యర్థి చేతికీ ఒక ఫారం కావాలి

ఇంటర్వ్యూకు హాజరై వచ్చిన అభ్యర్థి ఫోనుకు కొన్నాళ్లకు ఒక లింకు వస్తుంది. మా నియామక ప్రక్రియ మీకు ఎలా అనిపించింది, అయిదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారు అని అందులో అడుగుతారు. ఉద్యోగం ఎందుకు రాలేదో మాత్రం అందులో ఉండదు. చాలాచోట్ల ఆ లింకు కూడా రాదు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురంలలో చదువు ముగించి హైదరాబాదు, విశాఖపట్నం, బెంగళూరు కంపెనీలకు దరఖాస్తులు పంపుతున్న మన పిల్లలకు ఈ మౌనం కొత్త కాదు. అభ్యర్థుల అభిప్రాయాన్ని సేకరించే ఆన్‌లైన్ ఫారం పైకి చిన్న విషయమే. ప్రైవేటు ఉద్యోగాలలో వివక్షను చూపడానికి సాక్ష్యం దొరకని దేశంలో, ఆ ఫారంలో ఏమి అడగాలి, ఎవరు చదవాలి అన్నది హక్కుల ప్రశ్న అని మేము భావిస్తున్నాము.

ఒకప్పుడు డెల్టాలో బియ్యం మిల్లులోనో, బట్టల దుకాణంలోనో పని దొరకాలంటే తెలిసినవారి మాట చాలేది. కాదన్న యజమాని ముఖం మీదే కాదనేవాడు. ఇప్పుడు దరఖాస్తు నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి వెళుతుంది. 2015లో హైదరాబాదులో మొదలైన డార్విన్‌బాక్స్, చెన్నైకి చెందిన జోహో వారి జోహో రిక్రూట్ వంటివి ఈ పనికే ఉన్నాయి. దరఖాస్తు ఎప్పుడు అందింది, ఏ దశ వరకు వచ్చింది, ఇంటర్వ్యూ చేసినవారు ఏమి రాశారు అన్న వివరాలు భద్రపరచడానికి ఇటువంటి వ్యవస్థలలో వీలుంటుంది. కనుక తిరస్కరణకు కారణం సాధారణంగా ఎక్కడో ఒకచోట నమోదై ఉంటుంది. దాన్ని చూడలేనివాడు అభ్యర్థి ఒక్కడే.

మన అనుమానానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన అధ్యయనంలో, పత్రికా ప్రకటనలకు సమాన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోల్చినప్పుడు దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67, ముస్లిం పేరుకు 0.33 మాత్రమే. 2022లో లెడ్‌బై ఫౌండేషన్ 1,000 ఉద్యోగాలకు ఒకే యోగ్యతలున్న రెండేసి దరఖాస్తులు పంపింది. ఒకటి హబీబా అలీ పేరుతో, మరొకటి ప్రియాంకా శర్మ పేరుతో. ప్రియాంకకు 208 సానుకూల స్పందనలు రాగా హబీబాకు వచ్చినవి 103. ఈ రెండు అధ్యయనాలకూ పరిశోధకులు లేని అభ్యర్థులను సృష్టించవలసి వచ్చింది. ఉన్న అభ్యర్థుల అనుభవం ఎక్కడా నమోదు కాకపోవడమే అందుకు ఒక కారణం.

ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో అడగడానికి మార్గం ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద పరీక్ష రాసినవారు తమ మూల్యాంకన పత్రాన్ని చూడవచ్చునని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో 2016లో ఇంటర్వ్యూ మార్కులు కూడా తెలపాలని, మార్కులు వేసినవారి పేర్లు మాత్రం వెల్లడించనక్కరలేదని తీర్పు వచ్చింది. 2018లో యూపీఎస్సీ విషయంలో ఇచ్చిన తీర్పు ఈ హక్కును కొంత కుదించినా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కూడా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు, విద్యాసంస్థల ప్రవేశాలకు సంబంధించినదే. ప్రైవేటు కంపెనీ గుమ్మం దగ్గర ఆ ధ్రువపత్రం పనిచేయదు. అక్కడ షేక్ అన్న ఇంటిపేరు ఒక్కటే మిగులుతుంది.

ప్రైవేటు రంగంలో వికలాంగులకు 2016 చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం వివక్ష నుండి కొంత రక్షణ ఇచ్చాయి. మతం పేరిట జరిగే వివక్షకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. 2006లో సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ ఉండాలని సిఫారసు చేసింది. మాధవ మేనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లో దానికి రూపురేఖలు ఇచ్చింది. ఆ కమిషన్ ఇంతవరకు ఏర్పడలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తమ సమాచార సారాంశాన్ని కోరే హక్కును, ఫిర్యాదు చేసే హక్కును గుర్తించింది. పరీక్షకుడు జవాబు పత్రంపై రాసిన వ్యాఖ్య కూడా అభ్యర్థి వ్యక్తిగత సమాచారమేనని 2017లో ఐరోపా న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఇంటర్వ్యూ వ్యాఖ్యల విషయంలో అదే వాదనను మన న్యాయవాదులు ఇక్కడ వినిపించాలి.

ఈలోగా ఫారం ఎలా ఉండాలో మనమే చెప్పాలి. నక్షత్రాలు సంతృప్తిని కొలుస్తాయి, జరిగినదాన్ని చెప్పవు. కనుక ప్రశ్నలు జరిగినదాని గురించి ఉండాలి. ఏ దశలో ఆగిపోయారు? ఎన్ని రోజులకు జవాబు వచ్చింది? కారణం చెప్పారా? పనితో సంబంధం లేని ప్రశ్నలు, అంటే మతం, హిజాబ్, గడ్డం, తిండి, పెళ్లి, ఉండే వీధి గురించి అడిగారా? ఈ నాలుగింటికి జవాబులు పోగైతే ఏ దశలో ఎవరు ఆగిపోతున్నారో కనబడుతుంది. ఫారం ఎంపిక కానివారికి కూడా, నిర్ణయం వెలువడిన తరువాతే అందాలి. తెలుగులో, ఉర్దూలో ఉండాలి. ఫోనులో నింపగలిగేలా ఉండాలి. మతం చెప్పే గడి ఐచ్ఛికంగా, దరఖాస్తుకు పూర్తిగా వేరుగా ఉండాలి. పదిమందిలో ఒక్కరే ముస్లిం అయినచోట పేరు తీసేసినంత మాత్రాన గోప్యత నిలవదు. అందువల్ల అనేక నియామకాల జవాబులను కలిపి మాత్రమే ఫలితాలు చూపాలి. వాటిని చదివేవారు ఇంటర్వ్యూ చేసినవారు కాకూడదు.

దీనికి బదులుగా కంపెనీ కూడా ఒక మాట చెప్పాలి. వేల దరఖాస్తులకు కారణాలు రాయలేమని యాజమాన్యాలు అంటాయి. ఆ మాటలో కొంత నిజం ఉంది. అందుకే ఇంటర్వ్యూ దాకా వచ్చినవారికైనా చెప్పమని అడుగుతున్నాము. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 25 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు, ప్రకటించిన ఉద్యోగాలకు ఇంటర్వ్యూ చేసిన అభ్యర్థులకు 45 రోజులలోగా నిర్ణయం జరిగిందో లేదో తెలపాలన్న నియమం 2026 జనవరి 1న అమలులోకి వచ్చింది. అక్కడ కుదిరినది ఇక్కడ కుదరదనడానికి కారణం కనబడదు.

ఇటువంటివి అడిగితే కంపెనీలు మనల్ని మరింత దూరం పెడతాయన్న భయం మన ఇళ్లలోనే ఉంది. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. పేరు లేని, కలిపి లెక్కించిన సమాచారం కోరడం అందుకే. ప్రతి తిరస్కరణా వివక్ష కాదన్నది కూడా ఒప్పుకోవలసిన మాటే. ఇంగ్లీషులో మాట్లాడలేకపోయావు, ఎక్సెల్ పని రాలేదు అని నిజాయితీగా చెబితే మన పిల్లలకు మేలే. ఆ లోటు తీర్చే శిక్షణ ఎక్కడ పెట్టాలో మనకు తెలుస్తుంది. కారణం చెప్పకపోతే పిల్లవాడు అన్నిటికీ తన పేరునో తన తెలివినో నిందించుకుంటాడు. రెండూ అతన్ని కుంగదీసేవే.

మొదటి అడుగు ప్రభుత్వ వేదికల నుండే పడాలి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ నిర్వహించే జాబ్ మేళాలు ప్రజాధనంతో నడిచేవి, సమాచార హక్కు పరిధిలోవి. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాల సంఘాలు ఆయా కలెక్టర్లకు వినతిపత్రం ఇచ్చి, మేళాలో పాల్గొనే ప్రతి కంపెనీ ఇటువంటి ఫారం పెట్టాలన్న షరతు కోరాలి. వచ్చినవారు ఎందరు, ఎంపికైనవారు ఎందరు అన్న లెక్కను బీసీ-ఇతో సహా వర్గాలవారీగా అడగాలి. రెండవ అడుగు మనదే. మసీదు కమిటీలు, విద్యార్థి సంఘాలు కలిసి పైన చెప్పిన నాలుగు ప్రశ్నలతో ఒక ఫారాన్ని గూగుల్ ఫారమ్స్‌లో ఒక పూటలో తయారు చేయవచ్చు. పేరు, ఆధార్, ఫోను నంబరు, ఈమెయిలు అడగకూడదు. ఏడాదికొకసారి మొత్తం లెక్కను రాష్ట్ర మైనారిటీల కమిషన్ ముందు పెట్టాలి. లెక్కలు లేని ఫిర్యాదును అనుమానమని కొట్టివేయడం సులువు. ఏటేటా పెరిగే లెక్కను అలా కొట్టివేయడం కష్టం.