గృహకళలు: చిన్న బొమ్మలకు కుంచెలు, పనిముట్లు

సంక్రాంతికి కొందఱు, దసరాకు కొందఱు కొలువు తీర్తురు. ఎప్పుడు తీర్చినను, పెట్టెలోనుండి బొమ్మలను తీయునప్పటికి ఒకదానికి చేయి విఱిగియుండుటయు, వేఱొకదానికి ముఖమున రంగు రాలియుండుటయు మన యిండ్లలో క్రొత్త కాదు. అమ్మమ్మనాటి కొండపల్లి బొమ్మను పాఱవేయుటకు మనసొప్పదు. బాగుచేయ బూనుకొందుమన్నచో ముఖము బొటనవ్రేలి గోరంత, కన్ను నువ్వుగింజంత. ఇంత చిన్న పనిలో పనిముట్టే సగము పని. అందుచే ఈ నెల వానిని ఎంచుకొను విధమును గూర్చి ముచ్చటింతుము.

అంగడికి పోయినవారు తఱచుగా అడుగునది అన్నిటికంటె సన్నని కుంచెను. కన్ను చిన్నది గనుక కుంచెయు చిన్నదిగా నుండవలెనను తలంపు సహజమే గాని సరియైనది కాదు. కుంచెల పిడిపై అంకెలుండును. అంకె తగ్గినకొలది కుంచె చిన్నదగును. సున్నకంటె చిన్నవానికి సున్నలు పెరుగును. ఆ మూడు సున్నల కుంచెకు మొన గలదు గాని కడుపు లేదు. రంగు నిలుచు చోటే లేనందున గిన్నెనుండి బొమ్మదాక వచ్చులోపల మొనమీది రంగు ఆఱిపోవును. ఒక్క కనుబొమకు మూడుమార్లు ముంచవలసివచ్చును. మూడుమార్లు ముంచి గీసిన గీత మూడు ముక్కలుగానే కనబడును. మొన చక్కగానున్న 1వ లేక 2వ అంకె కుంచె అంత సన్నని గీతనే గీయును, ఒక్క ముంపుతో గీత ముగియును. గీత సన్నదనము మొననుబట్టి, నిడివి కడుపునుబట్టి యుండునని యెఱుగవలెను.

శ్రీకాళహస్తి కలంకారీ పనివారి కలమును చూచినవారికి ఈ సంగతి వెంటనే బోధపడును. వెదురుపుల్ల కొసను మొనగా చెక్కి, దానికి కొంచెము పైగా ఉన్నిగుడ్డ చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్టే దాని కడుపు. అది రంగును పీల్చుకొని, వ్రేళ్లతో నొక్కినకొలది మొనకు దింపుచుండును. వెండ్రుక యొక్కటియు లేని ఆ కలముతో దేవతల నగల ముత్యములవఱకు వ్రాయుదురు.

కొనునప్పుడు మంచి కుంచెను గుర్తించుట యెట్లు? అంగడిలో క్రొత్త కుంచెలన్నియు సూదులవలె నుండును. అది వెండ్రుకల గుణము కాదు, తయారుచేసినవారు పెట్టిన జిగురు గుణము. కావున అంగడివానిని ఒక గ్లాసుతో నీళ్లడుగుడు. జిగురు కరగువఱకు ముంచి, మణికట్టుతో ఒక్క విదలింపు విదల్చుడు. వెండ్రుకలన్నియు తమంతట తామే యొక్క మొనకు చేరినచో కొనవచ్చును. రెండుగా చీలినను, ఒక వెండ్రుక ప్రక్కకు నిక్కియున్నను మఱియొకటి చూడుడు. నీళ్లీయ నిరాకరించువాని యంగడిలో ఖరీదైన కుంచె కొనకుండుటే మేలు.

ఇక వెండ్రుకల మాట. మొగలాయి, రాజపుత్ర లఘుచిత్రములు వ్రాసినవారు ఉడుత తోక వెండ్రుకలను పక్షి యీకకాడలో దూర్చి కుంచె కట్టుకొనెడివారు. రాముడు వీపు నిమిరినదని మనము కథ చెప్పుకొను ఉడుతకు ఆ పని యెంత హితమో ఊహింపవచ్చును. అంతకంటె విచారింపదగినది ముంగిస సంగతి. వెండ్రుక బిగువుగా నుండునని ముంగిసలను చంపి కుంచెలు కట్టు వ్యాపారము మన దేశమున చిరకాలము సాగినది. ముంగిస 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడిన జంతువు. దాని వెండ్రుకల కుంచెను అమ్ముట నేరము. 2019లో పలు రాష్ట్రములలో అధికారులు సోదాలు జరిపి వేలకొలది కుంచెలను పట్టుకొనిరి. ఒక్కొక్క వెండ్రుకపై లేత, ముదురు గోధుమ వన్నెలు పట్టెలుగా కనబడినచో ఏ జంతువుదని యడుగుడు. సమాధానము తేటగా రానిచో విడిచిపెట్టుడు.

మన పనికి నైలాను కుంచెలు చాలును. ఆక్రిలిక్ రంగులకు అవియే మేలనియు మా యభిప్రాయము. ఆ రంగులు వెండ్రుకల కుంచెలను త్వరగా పాడుచేయును. నైలానుకు ఒక దోషము గలదు. కొన్ని నెలలకు మొన కొక్కెమువలె వంగును. వేడినీట ముంచి వ్రేళ్లతో సవరించినచో కొంత నిలుచును. పిమ్మట దానిని రంగులు కలుపుటకు మార్చి క్రొత్తది కొనుడు. ఏ కుంచెనైనను వెండ్రుకలలో సగమునకు మించి ముంపరాదు. లోహపు గొట్టములోనికి ఎక్కిన రంగు అక్కడ గట్టిపడి వెండ్రుకలను విడదీయును. పని కాగానే చన్నీటను సబ్బుతోను కడిగి, మొన సవరించి పరుండబెట్టుడు. నీళ్లగ్లాసులో తలక్రిందుగా నిలిపి వంటకు లేచిపోయినచో ఆ మొనపై ఆశ వదలుకొనవలసినదే.

మొన సవరించుటకై కుంచెను పెదవులకు తగిలించు అలవాటు చాలమందికి గలదు. దానిని ఈనాడే మానుడు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున గల ఆరెంజి పట్టణమందు 1917 మొదలుకొని, చీకటిలో వెలుగునట్లు గడియారముల యంకెలను రేడియము కలిసిన రంగుతో వ్రాయు పనిలో యువతులను పెట్టిరి. మొన వాడిగా నుండుటకు పెదవులతో నద్దుకొమ్మని వారికి నేర్పిరి. దినమున కెన్నిమార్లో ఆ రంగు వారి నోట పడినది. దవడ యెముకలు శిథిలమై పలువురు మరణించిరి. గ్రేస్ ఫ్రయరు మొదలైన అయిదుగురు 1927లో వ్యాజ్యమునకు దిగగా 1928లో పరిహారము కుదిరినది. మన రంగులలో రేడియము లేదు, నిజమే. కాని ఇంగిలీకములో పాదరసము, హరిదళములో ఆర్సెనిక్ అను పాషాణము, ఎఱ్ఱ సిందూరములో సీసము గలవు. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నవంబరునుండియే యమలులోనికి వచ్చినది గనుక, పాత బొమ్మల రంగును పొడిగా గీకరాదు. తడిగుడ్డతో తడిపి, పసిపిల్లలకు దూరముగా రుద్ది, ఆ గుడ్డను పాఱవేయుడు.

విఱిగిన చేతికి కావలసినది కుంచె కాదు, మక్కు. కొండపల్లి పనివారు తెల్ల పొణికి కఱ్ఱతో అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. ఇంట చేయువారు పొట్టును పలుచని గుడ్డతో జల్లించుకొనవలెను. పలుకులున్నచో అతుకు గరుకుదేలును. మక్కును తీర్చుటకు అంగడిలో పది పదునైదు పనిముట్ల కట్టలమ్ముదురు. వానిలో చేతికి వచ్చునవి మూడే: ఆకువలె పలుచని బద్ద, సూది, గుండ్రని కొస గల పుల్ల. బద్దకు వెదురుపేడును గరుకుకాగితముతో నున్నగా రుద్ది నూనె పట్టించినచో చాలును; మడతలు గీయుటకు దబ్బనము, గుంటలు నొక్కుటకు అల్లికసూది యింట నుండనే యున్నవి. పనిముట్టును తడిపి వాడినచో మక్కు అంటుకొనదు. కాల్చని మట్టిబొమ్మకు మాత్రము తడి మక్కు పెట్టరాదు, బొమ్మయే కరగును. దానికి ఎపాక్సీ ముద్ద మేలు, కాని చేతితొడుగులు లేక దానిని పిసుకరాదు.

అతుకు నీడను పూర్తిగా ఆఱిన పిమ్మట తెల్లపూత, తరువాత రంగులు, కడపట కన్నులు. కనుపాపకు కుంచెయే యక్కఱలేదు. గుండుసూది తలను రంగుబొట్టుకు తాకించి కంటిపై నిలువుగా నొక్కి తీసినచో చక్కని గుండ్రని చుక్క పడును; ముందుగా కాగితముపై పదిచుక్కలు పెట్టి చూచుకొనుడు. రెండు కన్నులను ఒక్క కూర్చుండుటలోనే పెట్టుడు. ఒకటి నేడు, రెండవది ఱేపు పెట్టినచో చూపు కలియదు.