పరపతి పెద్దలకు, అనుమానం సామాన్యులకు

జంషెడ్‌పూర్‌లోని కాసిడీహ్ నివాసి లోక్‌సభకు ఓటు వేస్తాడు, శాసనసభకు ఓటు వేస్తాడు. తన వీధి దీపాన్ని, మురుగు కాల్వను, చెత్త బండిని చూసుకునే పాలకవర్గాన్ని ఎన్నుకునే హక్కు మాత్రం అతనికి లేదు. పట్టణాలకు ఎన్నికైన స్థానిక సంస్థలు ఉండాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. అదే సవరణ తెచ్చిన 243-క్యూ అధికరణం పారిశ్రామిక పట్టణాలకు ఒక మినహాయింపును కూడా మోసుకొచ్చింది. ఉక్కు నగరం దశాబ్దాలుగా నోటిఫైడ్ ఏరియా కమిటీ కిందనే నడిచింది. 2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం దానిని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. పౌరుడు అర్జీ పెట్టుకోవచ్చు, ధర్నా చేయవచ్చు, పత్రికకు ఉత్తరం రాయవచ్చు. అతని గొంతుకు అడ్డు లేదు. ఆ గొంతు లెక్కలోకి రాదు, అంతే.

మాట్లాడనివ్వడం వేరు, లెక్కించడం వేరు. ఈ తేడాను ఒక వ్యవస్థగా మార్చి ప్రపంచమంతటికీ అమలు చేసిన చోటు మరొకటి ఉంది. అది అంతర్జాలం. అక్కడ సామాన్యుడు రాసిన లంకెకు సెర్చ్ ఇంజన్ల దగ్గర పరపతి ఉండాలా, వద్దా అన్న ప్రశ్నను ఇరవై ఏళ్లుగా సాంకేతిక నిపుణుల గదిలోనే ఉంచారు. నిజానికి అది రాజకీయ ప్రశ్న. ఎవరి సాక్ష్యానికి విలువ ఇవ్వాలి, ఎవరి సాక్ష్యాన్ని వినకుండానే కొట్టివేయాలి అన్నది ఎక్కడ తలెత్తినా రాజకీయమే.

గూగుల్ పుట్టుకే ఒక ఎన్నికల ఊహ మీద జరిగింది. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ ప్రతిపాదించిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో ఒక పుట నుంచి మరొక పుటకు వేసిన ప్రతి లంకె ఒక ఓటు. ఎక్కువ ఓట్లు పడిన పుట పైకి వస్తుంది. పరపతి ఉన్న పుట వేసిన ఓటుకు బరువు ఎక్కువ. వెబ్‌లో ప్రజాస్వామ్యం పనిచేస్తుందని ఆ సంస్థ తన విశ్వాసాల జాబితాలోనే రాసుకుంది. తెలుగులో పరపతి అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. పెద్దమనిషికి ఊళ్లో ఉండే పలుకుబడి ఒకటి. సహకార పరపతి సంఘం రైతుకు ఇచ్చే అప్పు మరొకటి. లంకె మోసే పరపతిలో ఈ రెండు అర్థాలూ ఉన్నాయి: ఒకరి పలుకుబడిని మరొకరికి అరువివ్వడమే లంకె చేసే పని.

ఓటు ఉన్నచోట దొంగ ఓటు ఉంటుంది. మందుల అమ్మకందారులు, జూదశాలల ప్రచారకులు పాఠకులు రాసుకునే ప్రతి ఖాళీ చోటులోనూ తమ లంకెలను గుప్పించారు. దానికి విరుగుడుగా 2005 జనవరి 18న గూగుల్ ‘నోఫాలో’ అనే గుర్తును ప్రకటించింది. యాహూ, ఎంఎస్‌ఎన్ కూడా మద్దతు పలికాయి. ఆ గుర్తు తగిలిన లంకె మీద నొక్కితే పుట తెరుచుకుంటుంది, కానీ దాని ద్వారా పరపతి ప్రవహించదు. ఇది వ్యతిరేక ఓటు కాదని గూగుల్ ఆనాడే వివరణ ఇచ్చింది. నిజమే, వ్యతిరేక ఓటు కాదు. చెల్లని ఓటు.

వర్డ్‌ప్రెస్ వంటి ప్రచురణ వేదికలు ఆ గుర్తును పాఠకులు రాసిన లంకెలన్నిటికీ తమంతట తామే తగిలించాయి. అభ్యంతరం ఇక్కడే. దొంగను గుర్తించి అతని ఓటును పక్కన పెట్టలేదు. ఒక వర్గం మొత్తాన్ని ఓటర్ల జాబితా నుంచి తీసివేశారు. సైటు సొంతదారు వేసిన లంకె చెల్లుతుంది. అదే పుటలో అతని తప్పును సరిదిద్దుతూ, ప్రభుత్వ ఉత్తర్వు ప్రతిని చూపిస్తూ పాఠకుడు వేసిన లంకె చెల్లదు. లంకెలో సత్యం ఎంత అన్నది ఇక్కడ కొలబద్ద కాదు. రాసినవాడు యజమానా, అతిథా అన్నదే కొలబద్ద. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ఓటు ఉండేది. ఇరవై ఒకటో శతాబ్దపు వెబ్ అదే అర్హతను మరో పేరుతో తిరిగి తెచ్చుకుంది.

భారత గణతంత్రం దొంగ ఓటుకు వేరే జవాబు కనిపెట్టింది. 1951–52 తొలి సార్వత్రిక ఎన్నికల జాబితాలో 17 కోట్లకు పైగా ఓటర్లున్నారు. వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు. చదువు రానివారిని మోసగించడం సులువని భయపెట్టినవారికి కొరత లేదు. అయినా ఓటు తీసివేయలేదు. పార్టీలకు గుర్తులు ఇచ్చారు. ఒకరి ఓటు మరొకరు వేస్తున్నారన్న సమస్యకు 1962 ఎన్నికల నుంచి చెరగని సిరా వచ్చింది. జాతీయ భౌతిక ప్రయోగశాల రూపొందించిన ఆ సిరాను మైసూరులోని ప్రభుత్వ రంగ సంస్థ నేటికీ తయారు చేస్తోంది. వేలిపై చుక్క పెట్టడం మోసగాడిని ఆపే పద్ధతి. చేతులన్నీ నరకడం మోసగాడి పేరు చెప్పి అందరినీ శిక్షించే పద్ధతి. నోఫాలోను గంపగుత్తగా తగిలించడం రెండో కోవలోకి వస్తుంది.

దీనికి అవతలి వాదన బలహీనమైనది కాదు. చిన్న సైటు నడిపే ఒంటరి మనిషి రోజుకు వందల కొద్దీ చెత్త లంకెలను ఏరివేయలేడు. పరపతి దొరకదని తెలిస్తే మోసగాడికి ఆశ తగ్గుతుంది. చదువరికి నష్టం ఏమీ లేదు, లంకె మీద నొక్కితే పుట వస్తూనే ఉంది కదా అంటారు. వీటిలో మొదటిది న్యాయమైన కష్టం. ఎవరూ చూడకుండా నేరుగా అచ్చయ్యే లంకెకు పరపతి ఇవ్వనక్కర్లేదు. మిగిలిన రెండూ అనుభవానికి నిలవలేదు.

ఇరవై ఏళ్ల తరువాత కూడా చెత్త లంకెలు ఆగలేదు. పరపతి ఎక్కడ మిగిలిందో మోసగాళ్లు అక్కడికి చేరారు. భారత ప్రభుత్వ శాఖలకు చెందిన గవ్ డాట్ ఇన్ చిరునామాలు కొన్ని పందెం సైట్లకు దారి మళ్లిస్తున్నట్టు 2024 మేలో వార్తలు వచ్చాయి. సామాన్యుడి లంకెను అనుమానించే యంత్రం ప్రభుత్వ ముద్రను మాత్రం గౌరవిస్తుందని పందెం వ్యాపారికి తెలుసు. పేరున్న మీడియా సంస్థలు కూడా వెనుకబడలేదు. తమ పేరు కింద కూపన్ల పుటలను, ఉత్పత్తుల సిఫార్సులను బయటివారికి అద్దెకిచ్చే వ్యాపారం ఎంతగా పెరిగిందంటే, 2024లో ‘సైటు ప్రతిష్ఠ దుర్వినియోగం’ పేరిట గూగుల్ ప్రత్యేక విధానం తేవలసి వచ్చింది. పెద్దలు పరపతిని అద్దెకిచ్చుకునేదాకా పోయాక విధానం వచ్చింది. సామాన్యులను మాత్రం ముందుగానే, మూకుమ్మడిగా అనుమానితులుగా నమోదు చేశారు.

ఇక చదువరికి నష్టం లేదన్న మాట. తెలుగు వంటి భాషలో ఈ నష్టం కంటికి కనిపిస్తుంది. ఇంగ్లీషులో ఒక విషయం మీద వేల పుటలు ఒకదానినొకటి ఉటంకించుకుంటాయి. అతిథుల ఓట్లు చెల్లకపోయినా యజమానుల ఓట్లతో లెక్క నడుస్తుంది. తెలుగులో ఆ అల్లిక పలుచన. తెలుగు వార్తా సంస్థలు బయటి మూలానికి లంకె వేయడం అరుదు. ఉత్తర్వు గురించి రాస్తారు, ఉత్తర్వుకు దారి చూపరు. తీర్పు గురించి రాస్తారు, తీర్పు ప్రతిని చూపరు. మరో పత్రిక బయటపెట్టిన సంగతిని ‘ఓ పత్రిక కథనం’ అనేస్తారు. మండల విలేకరి తెచ్చిన వార్త డెస్కు దాటేసరికి అతని పేరు రాలిపోయే సంప్రదాయమే వెబ్‌లోనూ సాగుతోంది. యజమానులు లంకె వేయని భాషలో లంకెలు వేసేది ఎక్కువగా పాఠకులూ, స్వచ్ఛందంగా రాసేవారే. వారి ఓటే చెల్లదంటే ఆ భాషలో ఎన్నిక జరగనట్టే.

తెలుగు వికీపీడియా ఉదాహరణ చాలు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వాన్ని జీతం లేని సంపాదకులు పెంచారు. పాత పత్రికలను, గెజిట్లను, గ్రంథాలయ ప్రతులను వెదికి వ్యాసాల కింద మూలాలుగా చేర్చారు. ఒకరు చేర్చినదాన్ని మరొకరు పరిశీలిస్తారు, నిలవనిదాన్ని తీసివేస్తారు. ఏళ్ల తరబడి ఆ వడపోతను తట్టుకున్న మూలానికీ, ఇప్పుడే ఎవరో అతికించిన ప్రకటనకూ అక్కడ ఒకటే ముద్ర: నోఫాలో. ఆంగ్ల వికీపీడియాలోనూ కొంతకాలం సడలించిన ఈ నియమాన్ని 2007 జనవరిలో మళ్లీ బిగించారు. లోకమంతా వికీపీడియాకు లంకె వేస్తుంది, అది పైకి వస్తుంది. తన వ్యాసానికి ఆధారమైన చిన్న సైటుకు అది తిరిగి ఇచ్చే పరపతి శూన్యం. అప్పు తీసుకోవడమే తప్ప తీర్చడం లేని పరపతి సంఘం ఇది.

భాషకు అధికార పీఠం లేనిచోట ఈ కొరత మరింత బాధిస్తుంది. టాటా కర్మాగారం పనుల కోసం తరాల క్రితం జంషెడ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలున్నాయి. జార్ఖండ్ ద్వితీయ రాజభాషల జాబితాలో తెలుగు లేదు. తెలుగు దినపత్రికల జిల్లా పేజీలు అంతదూరం రావు. అటువంటి సమాజం తన చరిత్రను, తన గుడినీ బడినీ, తన కార్మిక జ్ఞాపకాలను ఎక్కడైనా నమోదు చేసుకుంటే అది తనంత తాను రాసుకున్నదే అయి ఉంటుంది. దానికి దారి చూపే లంకెలూ సాటివారు వేసినవే అయి ఉంటాయి. ఆ లంకెలు లెక్కకు రావంటే కాసిడీహ్‌లో పెరిగిన తెలుగు పిల్లవాడు తన ఊరి గురించి తన భాషలో వెదికినప్పుడు ఆ రాతలు అడుగున పడి ఉంటాయి. నిషేధించవలసిన అవసరం ఎవరికీ రాలేదు, లెక్కించకపోవడమే సరిపోయింది.

2019 సెప్టెంబరులో గూగుల్ ఈ నియమాన్ని సవరించింది. నోఫాలో ఇకపై ఆజ్ఞ కాదు, సూచన మాత్రమే అంది. పాఠకులు రాసినవాటికీ, డబ్బు తీసుకుని వేసినవాటికీ వేర్వేరు గుర్తులు ఇచ్చింది. సంస్కరణలా వినిపించే ఈ మార్పు అసలు సమస్యను ఇంకా లోతుకు నెట్టింది. ఆ లంకెలలో కొన్నిటిని గూగుల్ లెక్కించవచ్చు, కొన్నిటిని వదిలేయవచ్చు. ఏది లెక్కించిందో వేసినవాడికీ తెలియదు, పడినవాడికీ తెలియదు. ఒకప్పుడు సున్నా నుంచి పది వరకు బహిరంగంగా కనిపించిన పేజ్‌ర్యాంక్ అంకెను కూడా 2016లో తీసివేశారు. పోలింగ్ కేంద్రంలో ఎన్ని ఓట్లు పడ్డాయో తెలిపే 17-సి ఫారం ఏజెంటు చేతికి రావాలని పట్టుబట్టే పార్టీలు, దేశ ప్రజలు రోజూ ఏ వార్త ముందు చూడాలో తేల్చే లెక్కకు ఏజెంటే లేడన్న సంగతిని పట్టించుకోవడం లేదు.

ఓటరు పేరు తొలగింపుకు ఈ దేశంలో ఒక న్యాయసూత్రం ఉంది. జాబితాలో ఉన్న వ్యక్తిని నోటీసు ఇవ్వకుండా, అతని వాదన వినకుండా తీసివేయరాదని 1995లో లాల్ బాబూ హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున పేర్లు గల్లంతై ఎందరో వెనుదిరిగితే ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2025లో బీహార్ ముసాయిదా జాబితాలో చోటు దక్కని సుమారు 65 లక్షల పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని అత్యున్నత న్యాయస్థానం ఆగస్టు 14న ఆదేశించింది. లంకెకు రాజ్యాంగ హక్కు లేదు. గూగుల్ ఎన్నికల సంఘమూ కాదు. కానీ శోధనలో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని 2018లో భారత పోటీ కమిషన్ రూ. 135.86 కోట్ల జరిమానా వేసిన సంస్థ అది. వార్తా ప్రచురణకర్తల ఫిర్యాదుపై 2022 జనవరిలో అదే కమిషన్ మరో విచారణకు ఆదేశించింది. అమెరికాలో 2024 ఆగస్టులో ఫెడరల్ న్యాయస్థానం దానిని శోధన రంగంలో చట్టవిరుద్ధ గుత్తాధిపత్య సంస్థగా తేల్చింది. ఇంత అధికారం ఉన్నచోట కారణం చెప్పే బాధ్యత ఉండాలనడం అత్యాశ కాదు.

కావలసినవి మూడు మార్పులు. సంపాదకుడు చదివి ఆమోదించిన లంకెకు, సమష్టి పరిశీలనలో నిలిచిన మూలానికి పూర్తి పరపతి దక్కాలి. పరిశీలన లేనివాటికి మాత్రమే నోఫాలో ఉండాలి. ప్రచురణ వేదికలు ఆ ఎంపికను సైటు నడిపేవారి చేతికి సులువుగా అందించాలి. సెర్చ్ సంస్థలు ఒక్కో భాషలో పాఠకులు వేసిన లంకెలను ఏ మేరకు లెక్కిస్తున్నాయో ఏటా వెల్లడించాలి. పోటీ కమిషన్ ఆ వివరాన్ని అడగాలి. తెలుగు వార్తా సంస్థలు తాము వాడుకున్న మూలానికి, తమకంటే ముందు రాసినవారికి పేరు పెట్టి లంకె వేయాలి. మూడోదానికి కాలిఫోర్నియా అనుమతి అక్కర్లేదు, హైదరాబాదు, విజయవాడ న్యూస్‌రూముల్లో రేపే మొదలుపెట్టవచ్చు. గూగుల్ తమ వార్తకు విలువ కట్టడం లేదని కమిషన్ మెట్లెక్కిన ప్రచురణకర్తలు, తమ విలేకరికీ తమ మూలానికీ తాము కడుతున్న విలువ ఎంతో ముందు చెప్పాలి.

శోధన ఫలితాలపై కృత్రిమ మేధ రాసిన సారాంశాలు 2024 ఆగస్టు నుంచి భారత్‌లోనూ కనిపిస్తున్నాయి. చదువరి కింద ఉన్న పుట దాకా వెళ్లే అవసరమే తగ్గిపోతోంది. ఇక ముందు ఆ సారాంశం ఎవరి రాతను నమ్మాలో, ఎవరిని విస్మరించాలో యంత్రమే తేలుస్తుంది. లెక్కలో లేనివారి మాట ఆ సారాంశంలోకి ఎక్కే దారి ఇంకా ఇరుకవుతుంది. ఇరవై ఏళ్ల క్రితం చెత్తను ఆపడానికని పెట్టిన తాత్కాలిక కంచె, చిన్న భాషలకు శాశ్వతమైన సరిహద్దు గోడగా గట్టిపడక ముందే దాన్ని పడగొట్టాలి.