పన్ను సున్నా, జరిమానా 5,000!

పన్ను ఎగ్గొట్టినవాడికి జరిమానా వేస్తే నాకేం అభ్యంతరం లేదు. వేయాల్సిందే. కానీ పైసా పన్ను కట్టనక్కర్లేని మనిషి దగ్గర, కాగితం ఆలస్యంగా ఇచ్చావని 5,000 రూపాయలు వసూలు చేయడం ఏ లెక్కన న్యాయమో ఎవరైనా చెప్తే వింటాను.

లెక్క వేసే చూద్దాం. సిరిసిల్లలో ఒక నర్సు ఉందనుకోండి. నెలకు 55 వేల జీతం. ఏడాదికి 6 లక్షల 60 వేలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 5 లక్షల 85 వేలు. 2024-25 ఆదాయానికి కొత్త పద్ధతిలో 7 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి ఆమె కట్టాల్సిన పన్ను సున్నా. గడువులోపల రిటర్ను వేస్తే ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఒక్కరోజు దాటిందా, 5,000 కట్టాలి. ఆదాయం 5 లక్షలు దాటినవాళ్లకు సెక్షన్ 234ఎఫ్ పెట్టిన రేటు అది. 5 లక్షల లోపైతే 1,000. అసలు పన్ను పరిమితికే రాని ఆదాయమైతే మామూలుగా ఈ బాధ లేదు.

కోట్లు సంపాదించే పెద్దమనిషి ఆలస్యం చేసినా అదే 5,000. అతనికి బాకీ పన్ను మీద నెలకు 1 శాతం వడ్డీ కూడా పడుతుంది కదా అంటారు. పన్ను ముందే కట్టేసి కాగితం ఒక్కటే ఆలస్యం చేస్తే ఆ వడ్డీ కూడా లేదు. అతనికి 5,000 అంటే హోటల్లో ఒక పూట భోజనం. మన నర్సుకు ఇంటి నెల సరుకులు. ఇద్దరికీ ఒకే కొరడా!

ఇంకో విచిత్రం. 2025-26 ఆదాయానికి రిబేటు 12 లక్షల దాకా పెంచారు. అంటే పన్ను కట్టనక్కర్లేని వాళ్లు ఇంకా పెరిగారు. జరిమానా గీత మాత్రం పాత 5 లక్షల దగ్గరే ఉంది. చట్టం దీన్ని జరిమానా అని కూడా అనదు, "ఫీజు" అంటుంది. ఏ సేవకు ఫీజో!

"రూల్ అంటే రూల్, తారీకు తెలియదా" అనే బావలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లకు ఒక్క మాట. 2025లో ఫారాలు మార్చాం, సిస్టం సిద్ధం కావాలి అని ప్రభుత్వమే జూలై 31 గడువును సెప్టెంబర్ 15కి జరిపింది. సైటు మొరాయిస్తుంటే ఆఖరి రాత్రి ఇంకో రోజు ఇచ్చింది. మంచిదే. కానీ చూడండి, వాళ్ల ఆలస్యానికి పేరు గడువు పొడిగింపు, మన ఆలస్యానికి పేరు ఫీజు. మనం పన్ను బాకీ పడితే నెలకు 1 శాతం, వాళ్లు మన రిఫండ్ ఆలస్యం చేస్తే నెలకు అర శాతం.

అసలు మన ఆడవాళ్లకు ఎందుకు ఆలస్యమవుతుందో ఎవరైనా అడిగారా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎన్ని ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారో మనకు తెలుసు. భార్య పాన్ కార్డుకు భర్త ఫోన్ నంబరు ఇచ్చి ఉంటారు. అతను దుబాయి వెళ్లాడు, ఇక్కడి సిమ్ము బంద్ అయింది. ఓటీపీ ఎవరికొస్తుంది? పాన్ కార్డు మీద తల్లిగారి ఇంటిపేరు, ఆధార్ మీద అత్తగారి ఇంటిపేరు. రెండూ కలవవు. కలపడం ఆలస్యమైనందుకు 2022 జూలై నుంచి 1,000 రూపాయలు అదనం. కలపకపోతే పాన్ పనిచేయదు, బ్యాంకు వడ్డీ మీద 10 శాతం పట్టాల్సిన చోట 20 శాతం పట్టుకుంటారు. పెళ్లయి ఇంటిపేరు మారడం కూడా మన తప్పేనా?

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఈ ఫీజు కూడా కాదు. బీడీలు చేసే అక్క ఉంది. ఐదేళ్ల సర్వీసు నిండకముందే పని మానేసి, 50 వేలో అంతకంటే ఎక్కువో పీఎఫ్ తీసుకుంటే 10 శాతం టీడీఎస్ పోతుంది. ముందే డిక్లరేషన్ ఫారం ఇస్తే పట్టుకోరు, కానీ ఆ ముక్క ఆమెకు చెప్పేదెవరు? ఆదాయం పరిమితి లోపే కాబట్టి ఆమెకు ఆలస్యం ఫీజు పడదు. కానీ డిసెంబర్ 31 దాటితే మామూలు దారిలో ఆ పైసలు తిరిగి రావు. ఐదేళ్ల లోపల ఆలస్యాన్ని మన్నించమని శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బీడీల చాట ఒళ్లో పెట్టుకున్న మనిషి ఆ దరఖాస్తు ఎప్పుడు రాస్తుంది?

అందుకే నేను అడిగేది ఒక్కటే. పన్ను సున్నా అయితే ఫీజు కూడా సున్నా కావాలి. అడిగితే ఏమవుతుంది అనకండి. కొత్త ఆదాయపు పన్ను బిల్లు మొదట తెచ్చినప్పుడు, గడువు దాటాక రిటర్ను వేస్తే రిఫండే రాదన్నట్టు రాశారు. అభ్యంతరాలు వచ్చాయి, పార్లమెంటు సెలెక్ట్ కమిటీ తీసేయమంది, 2025 ఆగస్టులో దాన్ని తీసేసి చట్టం చేశారు. నోరు విప్పితే చట్టం కూడా దిగివస్తుంది.

చట్టం మారేదాకా ఇంట్లో మార్చుకోవాల్సింది మనం మార్చుకుందాం. "నీకెందుకు, నేను చూసుకుంటా" అనే మాట ప్రేమగానే అంటారు. కానీ గడువు దాటితే ఫీజు పడేది చూసుకుంటానన్నవాళ్ల పేరు మీద కాదు, మన పేరు మీద. పాన్‌కు మన ఫోన్ నంబరే ఉండాలి. పాస్‌వర్డ్ నెట్ సెంటర్ అబ్బాయి దగ్గర కాదు, మన పుస్తకంలో ఉండాలి. ఏటా ఏప్రిల్‌లో అర్హత ఉన్నవాళ్లు, అరవై దాటిన అత్తమ్మ తరఫున కూడా, టీడీఎస్ పట్టొద్దనే డిక్లరేషన్ ఫారం బ్యాంకులో ఇచ్చి రావాలి. మన పేరు మీద ఎంత టీడీఎస్ పట్టారో మనమే చూసుకోవాలి.

బీరువా తాళాలు కొంగున కట్టుకోవడం మనకు కొత్త కాదు. ఈ తాళం కూడా అక్కడే ఉండాలి.