మార్కుల వివాదము – నిర్ణయ స్వరూపము

లేపాక్షి వీరభద్రాలయములో కల్యాణమంటపము అసంపూర్ణముగా నిలిచియున్నది. సమీపపు గోడమీది రెండు ఎఱ్ఱని మరకలను చూపి విరూపణ్ణ కథ చెప్పుట అచ్చటి వాడుక. అచ్యుతదేవరాయల కోశాధికారియైన అతడు రాజాజ్ఞ లేకయే ధనమును గుడికి వెచ్చించెనని అభియోగము వచ్చినదట. విధింపబడిన శిక్షను విని తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనట. ఇది స్థలకథయే కాని శాసనప్రమాణము గలది కాదు. అయినను, లెక్కల కవిలెను అతని యెదుట ఎవరైనను విప్పి చూపిరా అన్న ప్రశ్నకు కథలో సమాధానము దొరకదు.

పదవ తరగతి మార్కులను శంకించు తండ్రి అడుగునదియు ఇదియే. వానను నమ్మి వేరుసెనగ వేయు ఈ సీమలో ఆ మార్కులు కరవునుండి బయటపడు త్రోవలలో ఒకటి. ట్రిపుల్ ఐటీ ప్రవేశము వాటినిబట్టియే లభించును. రెండు మూడు మార్కుల తేడా చిన్నది కాదు.

2025 ఫలితముల అనంతరము ఆంధ్రప్రదేశ్‌లో రెండు మార్గములు చూపిరి. విషయమునకు 500 రూపాయలతో రీకౌంటింగ్; 1000 రూపాయలతో రీవెరిఫికేషన్. మొదటిది కూడిక మాత్రమే. రెండవదానిలో దిద్దక విడిచిన సమాధానములను వెదకుదురు, పత్రపు నకలును ఇత్తురు. వేసిన మార్కు ఉచితమా కాదా అను విచారణ రెంటను లేదు.

ఈ కట్టడి వెనుక బలమైన వాదమే కలదు. 1984లో మహారాష్ట్ర విద్యామండలి వ్యాజ్యములో సుప్రీంకోర్టు, బొంబాయి హైకోర్టు తీర్పును త్రోసిపుచ్చి, పత్రములు చూపుటను, పునర్మూల్యాంకనమును నిషేధించిన నిబంధనలను సమర్థించినది. లక్షల పత్రములను మరల మరల విప్పినచో ఫలితములకు అంతమెక్కడ? 2011లో ఆదిత్య బందోపాధ్యాయ వ్యాజ్యములో అదే న్యాయస్థానము, సమాచార హక్కు చట్టమునుబట్టి విద్యార్థి దిద్దిన తన పత్రమును చూడవచ్చునన్నది. దిద్దినవారి పేరు వెల్లడింపనక్కరలేదన్నది. పునర్మూల్యాంకనము మాత్రము దీనివలన సిద్ధింపలేదు. తలుపు సగమే తెరచుకొన్నది.

2019 తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినది. పత్రము తీసి చూడగా 99. ఓఎమ్మార్ పత్రముమీద తొమ్మిదులకు బదులు సున్నలు గుర్తింపబడినవి. ఆ యేడు అనుత్తీర్ణులందరి పత్రములను రుసుము లేకయే పరిశీలింపగా 1,137 మంది ఉత్తీర్ణులైరి. అప్పటికే ఇరువదికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి.

ఇట్టి పొరపాటు పత్రము తెరచినంతనే పట్టుబడును. భాషాపత్రములోని తీర్పుదోషము అట్లు పట్టుబడదు. పద్యభావమును సొంత మాటలలో వ్రాసిన బాలునికంటె గైడును వల్లించినవానికి ఎక్కువ మార్కులు పడవచ్చును; అనంతపురపు పలుకుబడిని తప్పుగా కొట్టివేయవచ్చును. గౌతముని న్యాయదర్శనము పదునారు పదార్థములలో నిర్ణయమును ఒకటిగా లెక్కించినది. సంశయము కలిగి, పక్షప్రతిపక్షములను విమర్శించిన పిదప తేలునదే అచ్చట నిర్ణయము. సంశయమును రుసుముతో స్వీకరించి ప్రతిపక్షమును విననిది ఆ పేరునకు తగదు.

కావున రుసుము కట్టక మునుపే పత్రపు నకలును మూల్యాంకన సూచికతో కూడ బడిలోనే చూపవలెను. భాషోపాధ్యాయుడు ప్రక్కన కూర్చొని వివరించినచో పెక్కు ఫిర్యాదులు అక్కడనే తీరును. తీరనివాటిని మాత్రము, మొదటి మార్కు కనబడకుండ చేసి, వేరొక జిల్లా పరీక్షకుడు దిద్దవలెను. ట్రిపుల్ ఐటీ దరఖాస్తుల గడువుకు ముందే ఇది ముగియవలెను.