తేలిక సబ్జెక్టు ఎవరికి మేలు?

ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే మన ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "ఏ సబ్జెక్టు తేలిగ్గా ఉంటుంది?" అడిగేది పిల్లలే కాదు, పెద్దలు కూడా. ఇలా అడగడం తప్పని మేము అనబోవడం లేదు. కాని ఇది రెండో ప్రశ్న. మొదట అడగవలసింది వేరే ఉంది. ఈ డిగ్రీ చేతికి రావాలంటే ఏమేమి చదవాలి? చదివిన తర్వాత ఏ దారిన వెళ్లగలం? మొదటి ప్రశ్నకు జవాబు తెలియకుండా రెండోది అడిగితే, తేలిక అనుకున్నదే రేపు మోయలేని బరువవుతుంది.

కొండ ప్రాంతంలో ఇది మరింత ఆలోచించవలసిన విషయం. అరకులోయ, పాడేరు, చింతపల్లిలలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో గిరిజన కుటుంబాల పిల్లలకైనా, ఉద్యోగరీత్యానో చిన్న దుకాణం మీదనో అక్కడ బతుకుతున్న ఇతరుల పిల్లలకైనా ఇంటర్ తర్వాత దగ్గరలో దొరికే చదువు ఇలాంటి కళాశాలల్లోనే. అరకు నుంచి విశాఖపట్నం ఘాట్ రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. హాస్టలు ఖర్చు భరించలేకనో, ఆడపిల్లను అంత దూరం పంపడానికి మనసొప్పకనో ఆగిపోయే ఇళ్లున్నాయి. పట్నం పిల్లవాడు ఒక కోర్సు నచ్చకపోతే పక్క వీధిలోని కళాశాలకు మారతాడు. కొండ మీది పిల్ల ఎక్కడికి మారుతుంది?

మన సంగతీ ఇందుకు దూరంగా లేదు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో 20 ఏళ్లు, ఆ పైబడిన ముస్లింలలో డిగ్రీగాని డిప్లొమాగాని ఉన్నవారు 4 శాతం కంటే తక్కువ. ఇంటికి మొదటి పట్టభద్రుడు కాబోయే పిల్లవాడికి దారి చెప్పేవారు ఇంట్లో ఉండరు. గిరిజన విద్యార్థి కష్టమూ ఇదే.

పది నిమిషాల్లో మూడేళ్ల నిర్ణయం

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ అయ్యాయి. దరఖాస్తు నింపేది చాలాసార్లు బజారులోని నెట్ సెంటర్లో. వెనుక పదిమంది నిలబడి ఉంటారు. "ఏది పెట్టమంటారు?" అని సెంటర్ కుర్రవాడు అడుగుతాడు. "అందరూ ఏది పెడుతున్నారో అదే పెట్టు బాబూ" అంటారు తండ్రి. బక్రీదుకు మేకను కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాం, నడిపించి చూస్తాం, పది సంతలు తిరుగుతాం. బిడ్డ చదువు దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమైపోతోంది?

నియమాలు తెలుసుకోవడం బ్రహ్మవిద్య కాదు. ఇంటి లెక్కలు రాసుకోగలిగిన తల్లికి ఇవీ అర్థమవుతాయి. వారానికి ఒక గంట పాఠం చొప్పున సెమిస్టరంతా చదివితే ఒక క్రెడిట్. ప్రయోగశాల పనైతే వారానికి రెండు గంటలకు ఒక క్రెడిట్. నాలుగు క్రెడిట్ల పేపరంటే వారానికి నాలుగు గంటల పాఠం అన్నమాట. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్సుకు 160 కావాలి. మూడేళ్ల డిగ్రీలో మేజర్‌కు, అంటే ప్రధాన విషయానికి 60, తోడు విషయమైన మైనర్‌కు 24. మిగిలినవి భాషలకు, నైపుణ్య కోర్సులకు, ఇతర శాఖల పాఠాలకు, ఇంటర్న్‌షిప్పుకు.

ఈ లెక్క చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తేలికో కష్టమో చూసి ఎంచుకునే వీలు ఎక్కువగా ఉన్నది ఈ మిగిలిన భాగంలోనే. డిగ్రీలో సగం బరువు మోసేది ప్రధాన విషయం. దాన్ని తేలికను బట్టి ఎంచుకుంటే ఇంటి దూలాన్ని చవకగా దొరికిందని కొన్నట్లే.

మన రాష్ట్రంలో 2023-24లో ఒకే ప్రధాన విషయం ఉండే విధానం ప్రవేశపెట్టారు. అంతకు ముందు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిపి చదివిన విద్యార్థికి పై చదువుకు మూడు దారులుండేవి. ఒకే మేజర్ అయినప్పుడు మొదటి ఎంపికే దారిని చాలావరకు నిర్ణయిస్తుంది. విధానాలు మారుతూ ఉంటాయి కాబట్టి బిడ్డ చేరుతున్న సంవత్సరానికి వర్తించే నియమావళిని కళాశాలలోనే అడిగి తీసుకోవాలి. పక్కింటి అన్న నాలుగేళ్ల కిందట చెప్పిన లెక్క ఈనాడు పనికిరాకపోవచ్చు.

మార్కులు మిగిలాయి, భాష పోయింది

తేలిక కోసం చదువును ఎంచుకోవడం మనకు కొత్త కాదు. ఇంటర్‌లో ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకోవడం మన రాష్ట్రంలో ఏళ్ల తరబడి సాగిన అలవాటు. ఆ భాష మీద ప్రేమతో తీసుకున్నవారికి మా నమస్కారం. కాని ఎక్కువమంది తీసుకున్నది మార్కులు బాగా పడతాయని, జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయవచ్చని. రెండేళ్లు చదివినా ఒక్క వాక్యం సొంతంగా రాయలేరు. మరోవైపు తెలుగు చేజారింది, ఉర్దూ చేజారింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, నానమ్మ రాసిన ఉత్తరం చదవలేని పిల్లలు మన ఇళ్లలో ఎందరు లేరు? పైగా ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులను కలిపినప్పుడు లెక్కలోకి వచ్చినవి గ్రూపు సబ్జెక్టుల మార్కులే. భాషలో కూడబెట్టిన మార్కులు అక్కడ అక్కరకు రాలేదు.

కొండ పిల్లల నష్టం దీనికంటే పెద్దది. కువి, ఆదివాసీ ఒరియా వంటివి వారి ఇంటి భాషలు. 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కింద కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో ఆ భాషల్లో పాఠాలు చెప్పారు. పై తరగతులకు వచ్చేసరికి తెలుగు, ఆపైన ఇంగ్లీషు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, పరీక్షలో మరో భాష. ఈ అనుభవం మన పిల్లలకూ గిరిజన పిల్లలకూ ఒకటే. ఇలాంటి బిడ్డకు డిగ్రీలో భాషా కోర్సులు మొక్కుబడి కారాదు. వచ్చీరాని ఇంగ్లీషును, రాతలో తడబడే తెలుగును చక్కదిద్దుకోవడానికి అవే ఆఖరి అవకాశం.

తేలికను ఆశించే మనస్తత్వం మన దేశానికే పరిమితం కాదు. 1869లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడైన చార్లెస్ ఇలియట్, పాఠాలు ఎంచుకునే స్వేచ్ఛను విద్యార్థులకు విస్తారంగా ఇచ్చారు. చాలామంది పైపై పాఠాలతోనే డిగ్రీ ముగిస్తున్నారన్న విమర్శ వచ్చింది. 1909లో ఆయన స్థానంలోకి వచ్చిన లారెన్స్ లోవెల్, ఒక విషయాన్ని లోతుగా చదవాలి, మిగిలిన పాఠాలు వేర్వేరు శాఖల నుంచి తీసుకోవాలి అనే కట్టుబాటు తెచ్చారు. స్వేచ్ఛతో పాటు వెన్నెముకా ఉండాలన్నదే అందులోని సారం.

తేలికలో రెండు రకాలు

అలాగని కష్టమైనవే తీసుకోవాలని మేము చెప్పడం లేదు. కాఫీ పండు కోతకు వచ్చే చలికాలంలో ఇంటిపనికి వెళ్లక తప్పని విద్యార్థి ఉంటాడు. సాయంత్రం తండ్రి దుకాణంలో కూర్చోవలసిన అబ్బాయి ఉంటాడు. తమ్ముళ్లకు వండిపెట్టి కళాశాలకు వచ్చే అమ్మాయి ఉంటుంది. ఇలాంటి వారికి ఒకటి రెండు తేలిక పేపర్లు ఊపిరి పీల్చుకునే చోటు. అన్నీ కఠినమైనవి తలకెత్తుకుని రెండో ఏడు చదువు మానేయడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

అయితే తేలికలో రెండు రకాలున్నాయి. బిడ్డకు ఇప్పటికే కొంత తెలుసు కాబట్టి తేలికైనది ఒకటి. బిడ్డను ఏమీ అడగదు కాబట్టి తేలికైనది మరొకటి. మొదటిది పునాది మీద గోడ కట్టడం. రెండోది గోడకు రంగు వేయడం.

ఉదాహరణకు 2020-21 డిగ్రీ పాఠ్యప్రణాళికలోని నైపుణ్య కోర్సులు చూడండి. వాటిలో టూరిజం గైడెన్స్, మొక్కల నర్సరీ, పండ్లు కూరగాయల నిల్వ, వ్యవసాయ మార్కెటింగ్ వంటివి ఉన్నాయి. మైదానంలోని విద్యార్థికి ఇవి పుస్తకంలో నాలుగు పాఠాలు. మిరియాల తీగ పాకిన చెట్ల నీడలో కాఫీ పెంచే ఇంటి బిడ్డకు నర్సరీ పాఠం రోజూ చూసే పని. బొర్రా గుహలకు వచ్చే యాత్రికులను చిన్నప్పటి నుంచి చూసినవాడికి టూరిజం సొంత ఊరి సంగతి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుకు విలువ ఎందుకు పెరిగిందో, సంతలో దళారి ఇచ్చే ధరకూ పట్నం దుకాణంలోని ధరకూ తేడా ఎందుకో మార్కెటింగ్ చదివిన బిడ్డ ఇంట్లో వివరించగలిగితే ఆ రెండు క్రెడిట్లు సార్థకమైనట్లే. దుకాణం నడిపే మన ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. లెక్కల పుస్తకం, సరుకు రవాణా, బీమా గురించిన కోర్సు మన బిడ్డకు తేలికా, ఉపయోగమూ రెండూ అవుతుంది.

ఇక్కడ ఒక వాస్తవం చెప్పుకోవాలి. జాబితాలో ఇరవై కోర్సులుండవచ్చు. చెప్పే అధ్యాపకుడు లేకపోతే చిన్న కళాశాలలో వాటిలో రెండో మూడో మిగులుతాయి. అప్పుడు ఎంపిక కాగితం మీదే ఉంటుంది. తల్లిదండ్రులు కలిసి వెళ్లి ప్రిన్సిపాల్‌ను అడగడంలో తప్పేమీ లేదు. 2017లో మొదలైన స్వయం ద్వారా ఆన్‌లైన్ కోర్సులు చదివి, విశ్వవిద్యాలయం అనుమతిస్తే ఆ క్రెడిట్లు కలుపుకోవచ్చు. కాని సెల్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన గ్రామంలో ఇది ఎంతవరకు సాధ్యమో పాలకులు ఆలోచించాలి. కొండ కళాశాలల్లో అధ్యాపకులను నియమించకుండా, ఎంచుకునే హక్కు ఇచ్చామంటే విద్యార్థికి ఒరిగేదేమీ లేదు.

ఫారం నింపే ముందు

తల్లిదండ్రులకు మా మనవి ఇది. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయండి. డిగ్రీ తర్వాత ఏం చేయాలనుకుంటున్నావు? దానికి ఏ విషయం తప్పనిసరి? బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు చాలావరకు ఏ డిగ్రీ అయినా చాలు. స్కూల్ అసిస్టెంటు ఉద్యోగానికి, ఎమ్మెస్సీకి మాత్రం సంబంధిత విషయం డిగ్రీలో చదివి ఉండాలి. ఆ విషయాన్ని ఈ కళాశాలలో ఎవరు చెబుతున్నారు? చివరగా, తేలిక అనుకుంటున్నది ఏ రకం తేలిక?

నలుగురు చదివినవారున్న ఊళ్లో ఒక శుక్రవారం సాయంత్రం ఇంటర్ పిల్లలను కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు చర్చించవచ్చు. ఆ చాప మీద మన పిల్లలతో పాటు ఇరుగుపొరుగు పిల్లలకూ చోటివ్వండి. డిగ్రీ చదివిన అక్క ఒకరు పాత నియమావళి పట్టుకుని వచ్చి గంటసేపు చెబితే, నెట్ సెంటర్లో పది నిమిషాల తొందర తప్పుతుంది. ప్రవేశాల ప్రకటన వెలువడక ముందే ఈ పని చేయాలి. ఒకసారి ఫారం పంపాక మిగిలేది సర్దుకుపోవడమే.