పెట్టెలోని పాటలు



జగ్గయ్యపేటలో మా ఇంట ఒక రేకు పెట్టె ఉంది. అందులో మేము ఏళ్ల తరబడి కూర్చుకున్న క్రైస్తవ గీతాల క్యాసెట్లు. పురుషోత్తమ చౌదరి (1803-1890) గారు రాగతాళాలతో కూర్చిన కీర్తనలు ఒకదానిలో, ఎ.బి. మాసిలామణి (1914-1990) గారి నావ పాట మరొకదానిలో. ఈ రెండూ మాకు ప్రాణం.

1994లో నందిగామ నుండి ఒక సహోదరి ఆ నావ పాట క్యాసెట్ అడిగారు. భర్తను కోల్పోయి కొద్ది నెలలే అయింది. మనసొప్పకపోయినా ఇచ్చాము. టేపు తెగి తిరిగి వచ్చింది. "ఆ ఒక్క పాటే తిప్పి తిప్పి విన్నానండీ" అన్నారామె. పైకి ఏమీ అనలేదు గాని, ఆ రోజే పెట్టెకు తాళం వేశాము. మరెవ్వరికీ ఇవ్వలేదు.

కొన్నేళ్లకు తెరిచి చూస్తే టేపులన్నిటికీ బూజు. ఒక్కటీ పలకలేదు.

ఆ ఏడే మా ఇంట మరణం సంభవించింది. ఆ సహోదరి బస్సెక్కి వచ్చి మా ప్రక్కన కూర్చున్నారు. పుస్తకం లేకుండానే నావ పాట చరణాలన్నీ పాడారు. మేము దాచుకున్నవి పోయాయి. ఆమెకిచ్చినదే మాకు మిగిలింది.

మీ ఇంట కూడా తాళం వేసిన పెట్టె ఉందా? ఈ వారమే తెరవండి. ఒక్క పాటైనా ఎవరికైనా నేర్పండి.